లేజర్ ఫ్రేమ్ నోట్లో ఎందుకు ఊగుతోంది?

దర్శి దగ్గర క్లినిక్ పెట్టుకున్న ఒక యువ డాక్టరు గారి ప్రశ్న ఇది. 58 ఏళ్ల రైతు. కింది దవడలో రెండు వైపులా మొదటి ప్రీమోలార్ (కోరపన్ను వెనకది) వరకే పళ్ళున్నాయి, ఆ వెనక ఏమీ లేవు. ఇంట్రాఓరల్ స్కానర్‌తో, అంటే నోట్లో పెట్టే కెమెరాతో, స్కాన్ చేసి, ఫైలును ఒక పెద్ద ఊళ్లోని డిజిటల్ ల్యాబ్‌కు పంపారు. తీసి పెట్టుకునే పళ్ళ సెట్టుకు అస్థిపంజరంలాంటి కోబాల్ట్ క్రోమియం లోహపు ఫ్రేమ్ లేజర్ ప్రింట్ అయి వచ్చింది. ట్రయల్‌లో ఒక పక్క నొక్కితే రెండో పక్క లేస్తోంది. "డిజిటల్ అంటే ఫిట్ పక్కాగా ఉంటుందన్నారు. మళ్ళీ ప్రింట్ చేయించాలా, పాత క్యాస్టింగ్‌కే పోవాలా?" అని అడుగుతున్నారు.

డాక్టరు గారూ, నేను డాక్టరును కాను. నెల్లూరులో 26 ఏళ్లుగా డెంటల్ ల్యాబ్ పని చేస్తున్న టెక్నీషియన్‌ని. మొదటి 18 ఏళ్లు మైనం, ఇన్వెస్ట్‌మెంట్ (అచ్చు పోసే పొడి), కొలిమి తప్ప వేరే తెలియదు. ఆ తర్వాత కంప్యూటర్ ముందు కూర్చున్నాను. రెండు పద్ధతుల్లోనూ చేతులు కాల్చుకున్నాను కాబట్టి ఎవరి పక్షమూ వహించే పని లేదు.

ముందు ఒకటి చెప్పండి. ట్రయల్‌లో మీరు వేలుతో నొక్కింది ఎక్కడ? పళ్ళ మీద ఆనే లోహపు రెస్టుల మీదా, వెనక జల్లెడలా ఉండే మెష్ మీదా? మెష్ మీద నొక్కితే ఎంత మంచి ఫ్రేమైనా కదులుతుంది. ఎందుకంటే ఆక్రిలిక్ (చిగురు రంగు ప్లాస్టిక్) పట్టడానికి మెష్ కింద దాదాపు 1 మిల్లీమీటరు ఖాళీ వదులుతాం. వెనక చివర టిష్యూ స్టాప్ అని చిన్న లోహపు చదరం ఒకటి చిగురుకు ఆనేలా పెట్టకపోతే ఆ భాగం గాల్లో ఉన్నట్టే. వెనక పళ్ళు లేని కేసుల్లో ఫ్రేమ్‌ను పరీక్షించేటప్పుడు వేళ్లు రెస్టుల మీదే ఉండాలి, ఇంకెక్కడా ఉండకూడదు. రెండు వైపులా రెస్టుల మీద రెండు చూపుడు వేళ్లు పెట్టి, ఒకసారి ఇటు, ఒకసారి అటు నొక్కండి. అప్పుడూ టకటకమంటే ఫ్రేమ్ నిజంగా ఊగుతున్నట్టు. లేకపోతే మీ ఫ్రేమ్ బాగానే ఉంది, టెన్షన్ వదిలేసి కింద చెప్పిన ఆల్టర్డ్ కాస్ట్ సంగతి చదవండి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, "ఫిట్ లేదు" అని నా దగ్గరికి తిరిగొచ్చిన ఫ్రేములు కొన్ని ఈ ఒక్క కారణంతో వచ్చినవే.

రెస్టుల మీద నొక్కినా ఊగుతోందనుకుందాం. అప్పుడు మళ్ళీ ప్రింట్‌కు ఆర్డరు పెట్టకండి. తప్పు స్కాన్‌లో ఉంటే అదే ఫైలు నుంచి అదే తప్పు ఇంకోసారి ప్రింటై వస్తుంది, అంతే. ముందు తప్పు ఎక్కడ జరిగిందో పట్టుకోవాలి. ఆ పెద్దాయనకు సిలికాన్‌తో ఒక కొలత తీసి, డై స్టోన్‌తో (రాయిలా గట్టిపడే జిప్సంతో) మోడల్ పోయండి. ఫ్రేమ్‌ను మెల్లగా దాని మీద కూర్చోబెట్టండి. బలం పెట్టి తోస్తే రాయి గీసుకుపోయి, కూర్చోని ఫ్రేమ్ కూడా కూర్చున్నట్టు కనిపిస్తుంది. ఆ తర్వాత, ల్యాబ్ వాళ్లు మీ స్కాన్ నుంచి ప్రింట్ చేసిన రెజిన్ మోడల్ పంపి ఉంటే, దాని మీద కూడా పెట్టి చూడండి.

రెజిన్ మోడల్ మీద చక్కగా కూర్చుని రాతి మోడల్ మీద ఊగితే, తప్పు స్కాన్‌ది. రెండింటి మీదా ఊగితే ఫ్రేమ్ తయారీలోనే వంకర పోయింది. ఒక జాగ్రత్త: లోపల డొల్లగా, వెనక రెండు కొసలనూ కలిపే అడ్డపట్టీ లేకుండా ప్రింట్ చేసిన రెజిన్ మోడల్ దానంతట అదే విచ్చుకుంటుంది. దాన్ని గుడ్డిగా నమ్మకండి. రాతి మోడల్ చెప్పేదే పెద్ద సాక్ష్యం.

మీ కేసులో నాకు ఎక్కువ అనుమానం స్కాన్ మీదే. స్కానర్ ఒక్కసారిగా దవడనంతా చూడదు. చిన్న చిన్న బొమ్మలు తీసి, ఒకదాని అంచును ఇంకొకదానితో కలిపి కుట్టుకుంటూ పోతుంది. పళ్ళున్న చోట గుర్తులు బోలెడు ఉంటాయి కాబట్టి కుట్టు బాగా పడుతుంది. పళ్ళు లేని చిగురు నున్నగా, తడిగా, ఎక్కడ చూసినా ఒకేలా ఉంటుంది. అక్కడ కుట్టు జారుతుంది. ఒక వైపు మొదలుపెట్టి రెండో వైపు చేరేసరికి ఆ చిన్న చిన్న జారుళ్లన్నీ పోగవుతాయి. ఒక పన్నుకు క్రౌన్ చేస్తే ఇది ఎవరికీ తెలియదు. పార్షియల్ ఫ్రేమ్ ఎడమ ప్రీమోలార్‌నూ కుడి ప్రీమోలార్‌నూ ఒకేసారి పట్టుకోవాలి కాబట్టి ఇక్కడ బయటపడుతుంది. మూడు కాళ్ల పీట ఎగుడుదిగుడు నేల మీదా ఊగదు. నాలుగో కాలు పెట్టాకే ఊగుడు మొదలవుతుంది. మీ ఫ్రేమ్‌కు ఎన్ని రెస్టులున్నాయో లెక్కపెట్టండి.

ఇంకో ప్రశ్న, కాస్త నొప్పించేదే. రెస్టులు కూర్చోవడానికి పంటి మీద చెక్కే గుంటలు, అంటే రెస్ట్ సీట్లు, స్కాన్‌కు ముందు చేశారా, తర్వాతా? నవ్వకండి. స్కాన్ పంపి, డిజైన్ వచ్చాక, "ఇక్కడ రెస్టుకు చోటు చాలలేదు" అని ల్యాబ్ అంటే పన్ను మీద ఇంకాస్త గీకి, పాత స్కాన్‌తోనే కానిచ్చేసిన కేసులు చూశాను. ఆల్జినేట్ (కొలత తీసే ముద్ద) రోజుల్లో అయితే కొత్త కొలత తీయక తప్పేది కాదు. ఫైలు ఎప్పుడూ చేతిలోనే ఉండడంతో ఇప్పుడు ఆ జాగ్రత్త పోయింది.

నాలుక సంగతి కూడా చూడండి. కింది ఫ్రేమ్‌కు రెండు వైపులనూ నాలుక పక్కన కలిపే లింగ్యువల్ బార్ పెట్టాలంటే బార్ ఎత్తు 4 మిల్లీమీటర్లు, చిగురు అంచు నుంచి దూరం ఇంకో 3, 4 మిల్లీమీటర్లు, మొత్తం 7, 8 మిల్లీమీటర్ల చోటు కావాలి. స్కాన్ చేసేటప్పుడు అద్దంతో నాలుకను పక్కకు నొక్కి పడతాం. నోటి అడుగు కిందికి దిగి, లోతు చాలా ఉన్నట్టు స్క్రీన్ మీద కనిపిస్తుంది. డిజైన్ చేసేవాడు ఆ లోతులో బార్ పెట్టేస్తాడు. రోగి నాలుక పైకెత్తగానే నోటి అడుగు లేచి బార్‌ను తోస్తుంది, దాంతో ఫ్రేమ్ లేస్తుంది. మీ రోగిని నాలుకతో పై పెదవి తడమమనండి. అప్పుడు మాత్రమే లేస్తుంటే ఇదే కారణం. నాలుక ఎత్తినప్పుడు ఉన్న లోతును పీరియాడాంటల్ ప్రోబ్‌తో కొలిచి చీటీ మీద రాసి పంపితే ఈ గొడవ ఉండదు. నాకు అలా రాసి పంపే డాక్టర్లను ఒక చేతి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

మీరు దర్శి వైపు అన్నారు కాబట్టి ఫ్లోరైడ్ మాట ఎత్తకుండా ఉండలేను. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను మొదట వైద్య పత్రికలో నమోదు చేసింది 1937లో, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా పల్లెల నుంచే. దర్శి, పొదిలి, కనిగిరి అప్పుడు మా జిల్లాలోవి. 1970లో కొత్త జిల్లా ఏర్పడ్డాక అటు పోయాయి. ఆ నీళ్లు తాగి పెరిగిన పంటి మీద గోధుమ రంగు గారే కాదు, ఎనామెల్ పెళుసుగా, గుంటలు గుంటలుగా ఉంటుంది. అలాంటి పన్ను మీద 1 మిల్లీమీటరు లోతు రెస్ట్ సీటు చెక్కితే అంచు పెచ్చులూడిపోతుంది. ఊడిన చోట రెస్టు కూర్చోదు. పన్నును పట్టుకునే కొక్కెం, అంటే క్లాస్ప్, రోజూ ఎక్కి దిగే దారిలో ఎనామెల్ అరిగిపోతుంది కూడా. మీ పేషెంట్ ప్రీమోలార్లు అలా ఉంటే, ముందే వాటికి క్రౌన్లు వేసి, రెస్ట్ సీటు, గైడ్ ప్లేన్ (ఫ్రేమ్ జారి దిగే చదును పక్క) ఆ క్రౌన్‌లోనే డిజైన్ చేయించడం మేలు. ఖర్చు పెరుగుతుంది, నిజమే. కానీ రైతులు రెండోసారి చేయించుకోవడానికి రారు. తీసి గూట్లో పెట్టేస్తారు.

ఇక తయారీ సంగతి. పాత పద్ధతిలో మోడల్‌ను అగర్ అనే జెల్లీతో డూప్లికేట్ చేసి, వేడికి తట్టుకునే రిఫ్రాక్టరీ మోడల్ పోసి, దాని మీద మైనం అతికి, ఇన్వెస్ట్‌మెంట్‌లో పూడ్చి, ఫర్నేస్‌లో మైనం కరిగించి, 1400 డిగ్రీల పైచిలుకు వేడి చేసిన లోహాన్ని పోస్తాం. మైనం పోగొట్టి లోహం పోసే ఈ విద్యను 1907లో టాగర్ట్ అనే అమెరికా దంతవైద్యుడు పళ్ళ పనిలో ప్రచారంలోకి తెచ్చాడు. గట్టిపడేటప్పుడు కోబాల్ట్ క్రోమియం రెండు శాతానికి మించి ముడుచుకుంటుంది. ఆ ముడుపును ఇన్వెస్ట్‌మెంట్ ఉబ్బుతో సరిచేయాలి. ఇక్కడ చేతి లెక్కే దిక్కు. రోహిణి కార్తెలో మా ఊళ్లో రోళ్లు పగిలే ఎండకు అగర్ ఒక రకంగా ఉంటుంది, డిసెంబరులో ఇంకో రకంగా ఉంటుంది. మైనం పోగొట్టే బర్నౌట్ మధ్యలో కరెంటు పోయి అచ్చు రింగు పగిలి, రాత్రి పన్నెండింటికి మళ్ళీ మైనం పట్టుకున్న రోజులు నాకు లెక్కలేనన్ని. ఉదయగిరి బస్సు డ్రైవరు చేతికిచ్చిన ఆల్జినేట్ కొలత తడి దూదిలో చుట్టినా నా దగ్గరికి చేరేసరికి అప్పడంలా ఎండిపోయేది. దాని మీద ఎంత నేర్పుగా క్యాస్టింగ్ చేస్తే ఏం లాభం?

లేజర్ వచ్చి ఈ బాధల్లో చాలావాటిని తీసేసింది. లేజర్ ఫ్రేమ్ నిన్నగాక మొన్న వచ్చిందనుకుంటారు గానీ, 2006 నాటికే బ్రిటన్‌లో కార్డిఫ్ వాళ్లు ఒక రోగికి అలాంటి కోబాల్ట్ క్రోమియం ఫ్రేమ్ అమర్చి ఆ సంగతి ప్రచురించారు. మన దగ్గర అందరూ డీఎంఎల్‌ఎస్ (డైరెక్ట్ మెటల్ లేజర్ సింటరింగ్) అంటారు. సన్నటి లోహపు పొడిని పరిచి, 20 నుంచి 50 మైక్రాన్ల మందంలో ఒక్కో పొరను లేజర్‌తో కరిగిస్తూ పేరుస్తుంది. మైనం వంగడం, ముడుపు లెక్క తప్పడం, లోపల గాలి బుడగ చిక్కి క్లాస్ప్ విరగడం లాంటివి తగ్గాయి. అయితే దాని జబ్బులు దానికున్నాయి. కరిగిన చుక్క కన్ను మూసి తెరిచేలోగా గట్టిపడుతుంది. పై పొర ముడుచుకుంటూ కింది పొరను లాగుతుంది. అలా వేల పొరలు. ఆ లాగుడంతా ఫ్రేమ్ లోపల చిక్కుకుని ఉంటుంది. ఇనుప ప్లేటుకు అతికి ఉన్నంతసేపు బయటపడదు. అందుకే ప్లేటుతో సహా ఫర్నేస్‌లో పెట్టి, పొడి తయారుచేసిన కంపెనీ చెప్పిన వేడిలో, చెప్పినంతసేపు స్ట్రెస్ రిలీఫ్ చేసి, నిదానంగా చల్లార్చి, ఆ తర్వాతే కోయాలి. ముందే కోస్తే, లాడంలా ఉండే కింది ఫ్రేమ్ రెండు కొసలూ విచ్చుకుంటాయి, లేదా పైకి లేస్తాయి.

నా మూడో డిజిటల్ కేసు ఇలాగే పోయింది. కావలి నుంచి వచ్చిన కేసు. డిజైన్ నేనే చేసి, ప్రింట్ బయట ఒక సెంటరుకు ఇచ్చాను. ఫ్రేమ్ అద్దంలా మెరుస్తూ వచ్చింది. మోడల్ మీద పెడితే ఎడమ రెస్టు కింద గోరు దూరింది. ఫోన్ చేస్తే మీ డిజైనే తప్పన్నారు. అదే ఫైలుతో రెజిన్ ప్రింట్ తీసి మోడల్ మీద పెడితే చక్కగా కూర్చుంది. నాలుగు రోజులు వాదించాక అక్కడ పనిచేసే కుర్రాడు మెల్లగా చెప్పాడు. ఆ రోజు డెలివరీ తొందరలో ఫర్నేస్‌లో పెట్టకుండానే కోసేశారట. డబ్బు నాదే పోయింది. అప్పటి నుంచి ఏ సెంటరుకు ఇచ్చినా రెండే అడుగుతాను: కోయక ముందు హీట్ ట్రీట్‌మెంట్ చేస్తారా, సపోర్టులు ఏ వైపు పెడతారు? సపోర్టు పుల్లలు చిగురుకూ పంటికీ తగిలే లోపలి వైపు ఉండకూడదు. వాటిని గీకితే ఫిట్ కూడా గీకినట్టే. మీ ఫ్రేమ్ రెస్టుల లోపలి వైపు లెన్స్‌తో చూడండి, గీతలో బుడిపెలో కనిపిస్తాయేమో. అక్కడ ఒక్క బుడిపె ఉంటే చాలు, మొత్తం ఫ్రేమ్ ఊగుతుంది. పల్చటి సిలికాన్ పేస్టు పూసి కూర్చోబెట్టి, లోహం మెరిసిన చోట మాత్రమే గుండ్రటి బర్‌తో తీయండి. ఇది ఒకటే మీ క్లినిక్‌లో చేసుకోగలిగిన మరమ్మత్తు. బార్‌ను ప్లయర్స్‌తో వంచాలని చూడొద్దు. బార్‌ను కోసి లేజర్ వెల్డింగ్ చేసే పద్ధతి ఉంది గానీ, కింది బార్ మధ్యలో అతుకు పెట్టడం నాకు మనసొప్పదు.

రెండో కారణమే మీదైతే, అంటే రెండు మోడళ్ల మీదా ఊగితే, ల్యాబ్ వాళ్లే ఉచితంగా మళ్ళీ చేయాలి. రాతి మోడల్ మీద ఫ్రేమ్ పెట్టి, ఒక పక్క రెస్టు నొక్కి రెండో పక్క లేచినట్టు వీడియో తీసి పంపండి. వాదించడానికి అంతకంటే ఏం అక్కర్లేదు.

స్కాన్ తప్పయితే నా సలహా ఇది. ఈ కేసుకు స్కానర్ పక్కన పెట్టండి. ప్రత్యేకంగా చేసిన ట్రేతో, అంచులు గ్రీన్ స్టిక్‌తో (వేడికి మెత్తబడే కడ్డీతో) మోల్డ్ చేసి సిలికాన్ కొలత తీయండి. రాతి మోడల్‌ను ల్యాబ్ స్కానర్‌తో స్కాన్ చేసి, డిజైన్, ప్రింట్ కంప్యూటర్‌లోనే కానివ్వండి. సగం పాతది, సగం కొత్తది. వెనక పళ్ళు లేని కింది దవడకు నేను ఇప్పటికీ ఇదే దారి పట్టమంటాను. పళ్ళ మధ్యలో ఖాళీలున్న చిన్న కేసులకు నోట్లో స్కాన్ బాగానే పనిచేస్తుంది, అందులో నాకు పేచీ లేదు.

ఎందుకంటే అసలు తిరకాసు చిగురుది. పన్ను కుదుట్లో కదిలేది మిల్లీమీటరులో పదో వంతు దగ్గర. చిగురు నమిలినప్పుడు దానికి ఎన్నో రెట్లు నొక్కుకుంటుంది. స్కానర్ తీసేది ఏ ఒత్తిడీ లేని చిగురు బొమ్మ. ఆ బొమ్మ మీద బేస్ (చిగురు మీద కూర్చునే భాగం) చేస్తే, ముద్ద నమిలిన ప్రతిసారీ వెనక భాగం కిందికి పోయి, రెస్టు ఇరుసులా పనిచేసి, ప్రీమోలార్‌ను గుంజుతుంది. అందుకే ఫ్రేమ్ పళ్ళ మీద సరిగ్గా కూర్చున్నాక, దాని మెష్‌కే ఆక్రిలిక్ ట్రే అతికి, నోట్లో రెస్టుల మీద మాత్రమే వేళ్లు ఉంచి చిగురు కొలత మళ్ళీ తీయాలి. ఇదే ఆల్టర్డ్ కాస్ట్. మోడల్ వెనక భాగం కోసి, ఈ కొత్త కొలతతో మళ్ళీ పోస్తాం. ఇప్పుడు ఆ కొలతను స్కాన్ చేసి కంప్యూటర్‌లో కలపడం కూడా చేస్తున్నారు, పర్వాలేదు. కానీ కొలత మాత్రం నోట్లో తీయాల్సిందే. క్లాస్ప్ విషయంలో కూడా ప్రీమోలార్ ముందు వైపు రెస్టు, వెనక పంటి పక్కకు ఆనే ప్రాక్సిమల్ ప్లేట్, బయట చిగురు వైపు నుంచి వచ్చే ఐ బార్ కొక్కెం ఉండే ఆర్‌పీఐ అడగండి. క్రోల్ అనే దంతవైద్యుడు 1973లో చెప్పింది, ఇప్పటికీ చెల్లుతుంది. వెనక భాగం దిగినప్పుడు ఐ బార్ పన్నును వదిలేస్తుంది, గుంజదు. డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో "ఆటో" నొక్కితే మాత్రం ఇది రాదు.

ఆటో అంటే గుర్తొచ్చింది. సర్వేయింగ్ ఇప్పుడు స్క్రీన్ మీదే చేస్తారు. ఫ్రేమ్ ఏ వైపు నుంచి దిగాలో మోడల్‌ను తిప్పి చూసి, పంటి ఉబ్బు కింది పల్లం, అంటే అండర్‌కట్, ఎక్కడ ఎంతుందో రంగుల్లో చూపిస్తుంది. అద్భుతంగా ఉంటుంది. కోబాల్ట్ క్రోమియం క్లాస్ప్ కొస 0.25 మిల్లీమీటరు అండర్‌కట్‌లో ఉండాలి. అంతకు మించితే ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ పన్నును పీకుతుంది, లేదా కొన్నాళ్లకు క్లాస్ప్ విరుగుతుంది. లేజర్‌తో చేసిన లోహం పోసిన దానికంటే గట్టిది కాబట్టి తర్వాత వంచి సరిచేద్దామన్న పప్పులు ఇక్కడ ఉడకవు. ఆ దిగే దారిని ఎంచుకునేది ఎక్కడో కూర్చుని రోజుకు ఎన్నో కేసులు తోసే డిజైనరు. మీ పేషెంట్ ముఖం అతను చూడలేదు. డిజైన్ ప్రింట్‌కు పోయే ముందు మీకు పంపమనండి, చూసి ఓకే అనండి. పది నిమిషాల పని.

మిల్లింగ్ గురించి అడగలేదు గానీ, ఎవరైనా చెబుతారు కాబట్టి ఒక్క మాట. లోహపు డిస్క్ నుంచి చెక్కితే ఫిట్ బాగుంటుంది, లోపల స్ట్రెస్ గొడవ కూడా తక్కువ. కాకపోతే డిస్క్‌లో ఎక్కువ భాగం పొట్టుగా పోతుంది, బర్లు అరిగిపోతాయి, అందుకే మన వైపు ఎవరూ పెద్దగా చేయరు. నాలాంటి చిన్న ల్యాబులు చేసే ఇంకో పని, డిజైన్‌ను ఫర్నేస్‌లో కాలిపోయే రెజిన్‌తో ప్రింట్ చేసి, దాన్ని పాత పద్ధతిలోనే పోయడం. చవక. రెజిన్ సన్నగా ఉండి తీసేటప్పుడు వంగుతుంది కాబట్టి రెండు కొసల మధ్య అడ్డపుల్లలు పెట్టి ప్రింట్ చేస్తాను, పోశాక కోసేస్తాను. ఈ పద్ధతిలో నేను ఇచ్చిన ఫ్రేములు లేజర్ వాటికి తీసిపోలేదు. కొలత బాగుంటేనే సుమా.

ఒకటి మరిచాను. ధర మరీ తక్కువ చెబితే అది కోబాల్ట్ క్రోమియమేనా, నికెల్ క్రోమియమా అని అడిగి, అల్లాయ్ సర్టిఫికెట్ తీసుకోండి. నికెల్ కొందరికి పడదు.

మొన్నామధ్య కందుకూరు నుంచి ఒక పెద్దావిడ తన పాత ఫ్రేమ్ తెచ్చి, "అయ్యా, ఇది కూర్చోవట్లా, ఊగతా ఉండాది" అంది. చూస్తే ఫ్రేమ్ బాగానే ఉంది, కింద ఎముక అరిగి బేస్‌కూ చిగురుకూ మధ్య సందు పడింది. డాక్టరు గారు రీలైన్ చేసి, అంటే బేస్ కింద సందు నింపి, పంపారు. ఊగుడు అన్న ప్రతిసారీ కొత్త ఫ్రేమ్ అక్కర్లేదు. మీది కొత్తదే కాబట్టి ఆ మందు పనికిరాదు. ఈ వారం రాతి మోడల్ పోసి, రెస్టుల మీద వేళ్లు పెట్టి నొక్కినప్పుడు ఏమైందో, రెస్టుల లోపలి వైపు ఫోటోతో సహా ఇక్కడే పెట్టండి. ఆ రెండూ చూస్తే గానీ ఎవరి తప్పో నేను చెప్పలేను. ఈలోగా ఆ ఫ్రేమ్‌ను ల్యాబ్‌కు తిరిగి పంపేయకండి, మీ దగ్గరున్న సాక్ష్యం అదొక్కటే.